ట్రాక్టర్ స్టీరింగ్ బిగిసిందా? కారణం వెతుకుదాం

ఈ రోజుల్లో ట్రాక్టర్ లేని ఊరు అరుదు. దుక్కి దున్నాలన్నా ట్రాక్టరే. దమ్ము చెయ్యాలన్నా ట్రాక్టరే. ధాన్యం మార్కెట్టుకు తోలాలన్నా ట్రాక్టరే. ఇప్పుడు వస్తున్న ట్రాక్టర్లలో చాలావాటికి పవర్ స్టీరింగ్ ఉంటుంది. బురదలో కూడా ఒక్క చేత్తో తిప్పవచ్చు. సాయంత్రానికి భుజాలు నొప్పి పుట్టవు.

కానీ పని మధ్యలో ఒక పైపు పగులుతుంది. ఆయిలు కారిపోతుంది. పట్నం నుంచి మెకానిక్ రావాలంటే రోజు పడుతుంది. నాట్లు ఆగవు కదా! అందుకని మనమే పానా పట్టుకుంటాం. పాత పైపు విప్పి కొత్తది బిగిస్తాం. ఆయిలు పోసి బండి స్టార్టు చేస్తాం.

అప్పుడు మొదలవుతుంది అసలు చిక్కు. స్టీరింగ్ బిగుసుకుంటుంది. లేకపోతే గుయ్యిమని మోగుతుంది. లేకపోతే కాసేపు తేలిగ్గా, కాసేపు బరువుగా తిరుగుతుంది. "పైపు కొత్తదే కదా, మరి ఇదేమిటి?" అని తల పట్టుకుంటాం.

భయపడనక్కరలేదు. అలాగని వదిలెయ్యకూడదు. కారణాలు కొన్నే. వరసగా చూసుకుంటూ పోతే దొరుకుతాయి.

పవర్ స్టీరింగ్ ఎలా పనిచేస్తుంది?

ఇంట్లో రెండు పాత సిరంజీలు ఉంటే సూదులు తీసెయ్యండి. రెండింటి మధ్య సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించండి. గొట్టం నిండా నీళ్లు నింపండి. ఒక సిరంజీని నొక్కితే రెండోది పైకి లేస్తుంది. నీళ్లు చేతి బలాన్ని ఇక్కడి నుంచి అక్కడికి మోసుకుపోయాయి. పవర్ స్టీరింగ్‌లో ఆ పని ఆయిలు చేస్తుంది.

ట్రాక్టర్‌లో ఈ భాగాలు ఉంటాయి.

ఆయిలు డబ్బా: ఆయిలు నిలవ ఉండే చోటు. కొన్ని బండ్లలో దీనికి వేరే డబ్బా ఉంటుంది. కొన్నిట్లో గేరు పెట్టెలోని ఆయిలునే వాడతారు.

పంపు: ఇంజను దీన్ని తిప్పుతుంది. ఇది ఆయిలును పీల్చి గట్టిగా తోస్తుంది.

స్టీరింగ్ యూనిట్: స్టీరింగ్ చక్రం అడుగున ఉంటుంది. మనం ఎటు తిప్పితే అటు ఆయిలును పంపిస్తుంది.

సిలిండరు: ముందు ఇరుసు దగ్గర ఉంటుంది. ఆయిలు లోపలికి వస్తే దీని కడ్డీ జరుగుతుంది. కడ్డీ జరిగితే చక్రాలు తిరుగుతాయి.

హోస్ పైపులు: వీటన్నిటినీ కలిపే గొట్టాలు. కొన్ని ఒత్తిడి పైపులు. కొన్ని ఆయిలును డబ్బాకు తిరిగి తెచ్చే పైపులు.

ముందు టైరులో సుమారు 30 పౌండ్ల గాలి పడతాం. స్టీరింగ్ పైపులో ఒత్తిడి 1000 పౌండ్లు దాటుతుంది. అందుకే ఒత్తిడి పైపు లోపల ఉక్కు తీగల అల్లిక ఉంటుంది. మామూలు రబ్బరు గొట్టం దానికి ఆగదు. పైన సైకిల్ ట్యూబు చుట్టి తీగతో కట్టినా ఆగదు.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికా ఇంజనీరు 1926లో పవర్ స్టీరింగ్‌ను తయారు చేసి చూపించాడు. 1951లో క్రైస్లర్ కంపెనీ దీన్ని పెట్టిన కారును అమ్మకానికి తెచ్చింది.

ఒక ముఖ్యమైన మాట

కారులో పవర్ పోయినా స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య ఇనుప కడ్డీ ఉంటుంది. బరువుగానైనా తిరుగుతుంది. చాలా ట్రాక్టర్లలో అలా కాదు. స్టీరింగ్ యూనిట్‌కూ చక్రాలకూ మధ్య ఆయిలు తప్ప మరేమీ లేదు. ఇంజను ఆగితే చేతి బలంతో కొంత తిప్పగలం. కానీ సిలిండరుకు పోయే పైపు పగిలిందంటే, ఎంత తిప్పినా చక్రాలు తిరగవు.

కాలవ గట్టు మీద పోతున్నప్పుడు అలా జరిగితే? వెనక నిండు ట్రాలీ ఉంటే? అందుకే స్టీరింగ్ రిపేరును "ఏదోలే, నడుస్తుంది" అని వదలకూడదు. ఇది ప్రాణాలతో పని.

విప్పే ముందు

1. బండిని చదునైన నేల మీద ఆపండి. హ్యాండ్ బ్రేకు వెయ్యండి. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి.

2. ఇంజను ఆపండి. తాళం జేబులో వేసుకోండి. ఆయిలు చల్లారనివ్వండి.

3. స్టీరింగ్‌ను రెండు మూడు సార్లు ఇటూ అటూ కదపండి. పైపులో మిగిలిన ఒత్తిడి తగ్గుతుంది.

4. పైపుల చుట్టూ బురద, దుమ్ము శుభ్రంగా తుడవండి. చిన్న ఇసుక రేణువు లోపలికి పోయినా వాల్వు ఇరుక్కుంటుంది. కాటన్ వేస్టు వాడకండి. దాని పోగులు లోపలికి పోతాయి. శుభ్రమైన గుడ్డ వాడండి.

5. ఏ పైపు ఎక్కడిదో గుర్తు పెట్టండి. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి తెల్ల దారం కట్టినా చాలు. లేదా కాగితం మీద బొమ్మ గీసి 1, 2, 3, 4 అని రాసుకోండి.

6. పాత పైపును దుకాణానికి పట్టుకుపోండి. పొడవు, లావు, చివరన ఉన్న నట్టు అన్నీ సరిపోవాలి. పైపు మీద అంకెలు ముద్రించి ఉంటాయి. అందులో అది ఎంత ఒత్తిడికి ఆగుతుందో ఉంటుంది. పాతదాని కన్నా తక్కువది కొనకండి.

7. రాగి వాషర్లు, ఓ రింగులు కొత్తవే వెయ్యండి. పాత వాషరు ఒకసారి నలిగిపోయాక మళ్లీ సరిగా కూర్చోదు. మర మీద తెల్ల టేపు చుట్టకండి. ముక్క ఊడి వాల్వులో అడ్డం పడుతుంది.

ఏ ఆయిలు పొయ్యాలి?

ఇక్కడే చాలా బండ్లు పాడవుతాయి. ఇంట్లో ఏ డబ్బా ఉంటే అది పోసేస్తారు. బండితో పాటు కంపెనీ ఒక పుస్తకం ఇస్తుంది. దాన్ని తీసి చదవండి. స్టీరింగ్‌కు ఏ ఆయిలు పొయ్యాలో, ఎన్ని లీటర్లు పొయ్యాలో అందులో రాసి ఉంటుంది. ఆయిలు డబ్బా మీద ఉన్న పేరూ నంబరూ పుస్తకంతో పోల్చి చూడండి. రెండూ కలిస్తేనే కొనండి.

బ్రేకు ఆయిలు ఎప్పుడూ పొయ్యకండి. అది లోపలి రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడు చేస్తుంది. పైపు లోంచి కారిన ఆయిలును పళ్లెంలో పట్టి మళ్లీ పొయ్యకండి. అందులో మట్టి ఉంటుంది.

అసలు దొంగ: ఎయిర్

ట్రాక్టర్‌లో డీజిల్ పూర్తిగా అయిపోతే ఏమవుతుంది? మళ్లీ డీజిల్ పోసినా వెంటనే స్టార్టు కాదు. పైపులో ఎయిర్ పట్టిందంటాం. ఎయిర్ తీస్తేనే స్టార్టు అవుతుంది. స్టీరింగ్‌కూ అదే జరుగుతుంది. పైపు విప్పగానే లోపలికి గాలి పోతుంది.

గాలి ఉంటే ఏమిటి నష్టం? ఆ రెండు సిరంజీలను మళ్లీ చూడండి. గొట్టంలో కొంచెం గాలి బుడగ ఉంచి నొక్కండి. మొదట బుడగ నలుగుతుంది. తరవాతే రెండో సిరంజీ కదులుతుంది. ఆయిలు నలగదు. గాలి నలుగుతుంది. అందుకే స్టీరింగ్ ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా, జర్కులతో తిరుగుతుంది. పంపు గుయ్యిమని మోగుతుంది. డబ్బాలో ఆయిలు నురగ కడుతుంది.

సొంతంగా రిపేరు చేశాక వచ్చే ఇబ్బందుల్లో ముందు అనుమానించాల్సింది ఎయిర్‌నే.

ఎయిర్ ఎలా తియ్యాలి?

1. డబ్బాలో గుర్తు దాకా ఆయిలు పొయ్యండి. ఖాళీ డబ్బాతో ఇంజను స్టార్టు చెయ్యకండి. పంపుకు తడి కూడా ఆయిలే. పొడిగా తిరిగితే పంపు అరిగిపోతుంది.

2. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి, రెండు చక్రాలూ నేలకు తగలకుండా కొంచెం లేపండి. ఇరుసు కింద గట్టి దుంగలు పెట్టండి. ఒక్క జాకీని నమ్మకండి. బండి కిందికి ఎవరూ దూరకండి.

3. ఇంజను ఆపి ఉంచే, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా తిప్పండి. పది సార్లు తిప్పండి. మధ్యమధ్య డబ్బా చూడండి. ఆయిలు తగ్గుతుంది. తగ్గినంత పొయ్యండి.

4. ఇప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి ఇంజను స్టార్టు చెయ్యండి. ఎక్సిలేటరు ఇవ్వకండి. నెమ్మది మీదే ఉంచండి. చక్రాల దగ్గర పిల్లలు గానీ పెద్దలు గానీ ఉండకూడదు.

5. స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పండి. చివరకు వచ్చాక గట్టిగా పట్టి ఉంచకండి. 5 సెకన్లకు మించి పట్టి ఉంచితే ఆయిలు వేడెక్కుతుంది. పంపుకు దెబ్బ.

6. ఇంజను ఆపండి. డబ్బా మూత తీసి చూడండి. నురగ ఉంటే కాసేపు ఆగండి. బుడగలు పైకి వచ్చి పోతాయి. ఆయిలు తగ్గితే పొయ్యండి. నురగ రాకుండా పోయేదాకా 5వ పని, 6వ పని మళ్లీ మళ్లీ చెయ్యండి.

ఓపిక కావాలి. తొందరపడి ఎక్సిలేటరు తొక్కితే గాలి చిన్న చిన్న బుడగలై ఆయిల్లో కలిసిపోతుంది. అప్పుడు పోవడం ఇంకా కష్టం.

ఎయిర్ తీసినా మళ్లీ పడుతోందా?

అయితే ఎక్కడో గాలి పీలుస్తోంది. పొలంలో నీళ్ల ఇంజను సంగతి గుర్తు తెచ్చుకోండి. బావిలోకి దిగిన పైపుకు చిల్లు పడితే నీళ్లు బయటికి కారవు. గాలే లోపలికి పోతుంది. ఇంజను నీళ్లు ఎత్తదు. ఇక్కడా అంతే. డబ్బా నుంచి పంపుకు పోయే పైపు పీల్చే పైపు. దాని క్లిప్పు వదులైతే ఆయిలు ఎక్కువగా కారదు. గాలి మాత్రం లోపలికి పోతుంది. "ఎక్కడా కారడం లేదే!" అని మనం మోసపోతాం. ఆ క్లిప్పును బిగించండి. పైపు పగిలి ఉంటే మార్చండి.

లక్షణం చూసి కారణం పట్టుకోండి

రెండు వైపులా బరువుగా ఉంది: ముందు ఆయిలు మట్టం చూడండి. తరవాత ముందు టైర్ల గాలి చూడండి. గాలి తక్కువగా ఉన్నా స్టీరింగ్ బరువెక్కుతుంది. ఆ తరవాత ఫిల్టరు చూడండి. మట్టి పట్టి ఉంటే మార్చండి. ఇవన్నీ బాగుంటే పంపు అరిగి ఉండవచ్చు, లేదా ఒత్తిడి వాల్వులో మట్టి ఇరుక్కుని ఉండవచ్చు. అది మెకానిక్ పని.

ఒక వైపే బరువుగా ఉంది: ఆ వైపు పైపు మెలిక పడిందేమో, ఎక్కడైనా నలిగిందేమో చూడండి. చక్రాన్ని పూర్తిగా తిప్పినప్పుడు పైపు లాగబడకూడదు. టైరుకు రాసుకోకూడదు.

ఎడమకు తిప్పితే కుడికి పోతోంది: సిలిండరుకు పోయే రెండు పైపులు తారుమారయ్యాయి. వెంటనే ఇంజను ఆపండి. పైపులు మార్చి బిగించండి. మళ్లీ ఎయిర్ తియ్యండి.

ఆయిలు తెల్లగా పాలలా ఉంది: ఇంజను ఆపి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. మళ్లీ తేటగా అయితే అది గాలి. ఎంతసేపటికీ తెల్లగానే ఉంటే నీళ్లు కలిశాయి. ఆయిలంతా తీసి కొత్తది పొయ్యాలి. మూత సరిగా లేకపోతే వాననీళ్లు, బండి కడిగిన నీళ్లు పోతాయి.

చక్రాలు చివరకు వచ్చినా స్టీరింగ్ ఇంకా తేలిగ్గా తిరుగుతూనే ఉంది: సిలిండరు లోపలి సీలు పోయి ఉండవచ్చు, లేదా స్టీరింగ్ యూనిట్ అరిగి ఉండవచ్చు. మెకానిక్‌కు చూపించండి.

ఇంజను స్టార్టు చెయ్యగానే స్టీరింగ్ దానంతట అదే తిరుగుతోంది: ఇది చాలా ప్రమాదం. స్టీరింగ్ యూనిట్‌ను విప్పి మళ్లీ తప్పుగా అమర్చితే ఇలా జరుగుతుంది. చెయ్యి స్టీరింగ్ పుల్లల మధ్య ఉంటే ఎముక విరగవచ్చు. వెంటనే ఆపండి. ఆ యూనిట్‌ను ఇంట్లో విప్పకండి.

బండి ఒక పక్కకు లాగుతోంది, టైర్లు ఒక అంచున అరుగుతున్నాయి: ఆయిలుకు సంబంధం లేకపోవచ్చు. టై రాడ్డు విప్పి బిగించారా? దాని పొడవు మారితే చక్రాల వరస తప్పుతుంది. రెండు చక్రాల మధ్య దూరాన్ని ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి టేపుతో కొలవండి. ఎంత తేడా ఉండాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. విప్పిన చోట స్ప్లిట్ పిన్ను కొత్తది వెయ్యండి. తీగ ముక్క మెలేసి సరిపెట్టకండి.

కారే చోటును చేత్తో తడమకండి

ఇది అందరూ తెలుసుకోవాలి. ఇంజను నడుస్తుండగా పైపుకు సూది మొనంత చిల్లు పడితే ఆయిలు కంటికి కనిపించనంత సన్నగా చిమ్ముతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చేతి తొడుగు కూడా ఆపలేదు.

కారే చోటును వెతకాలంటే ఒక అట్టముక్క తీసుకోండి. దూరంగా నిలబడి అట్టను పైపు పక్కన కదపండి. అట్ట మీద తడి మరక పడిన చోట చిల్లు ఉంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఇంజను ఆపాకే పానా పట్టండి.

ఆయిలు చర్మంలోకి దూరితే మొదట సూది గుచ్చినట్టే ఉంటుంది. నొప్పి పెద్దగా ఉండదు. "ఏమీ కాలేదులే" అని పసుపు అద్ది ఊరుకుంటారు. అది తప్పు. లోపల ఆయిలు కండను కుళ్లబెడుతుంది. కొన్ని గంటలు ఆలస్యమైనా వేలు గానీ చెయ్యి గానీ తీసెయ్యాల్సి రావచ్చు. వెంటనే ఆపరేషన్ చెయ్యగల పెద్ద ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోను చెయ్యండి. "ఒత్తిడిలో ఉన్న ఆయిలు చర్మంలోకి దూరింది" అని డాక్టరుకు ఇదే మాట చెప్పండి.

కార్లు, జీపుల సంగతి

ఆయిలుతో పనిచేసే పవర్ స్టీరింగ్ ఉన్న కార్లు, జీపులు చాలావాటిలో పంపును బెల్టు తిప్పుతుంది. బెల్టు మార్చాక స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కీచుమని అరుస్తోందంటే బెల్టు వదులైంది. కొత్తగా వస్తున్న చాలా కార్లలో ఆయిలు లేదు, పంపు లేదు. చిన్న కరెంటు మోటారు స్టీరింగ్‌కు సాయం చేస్తుంది. బ్యాటరీ మార్చాక స్టీరింగ్ బరువెక్కి, ఎదురుగా స్టీరింగ్ బొమ్మ దీపం వెలిగితే, ముందు బ్యాటరీ తీగలు గట్టిగా బిగించారో లేదో చూడండి. అయినా దీపం ఆరకపోతే మెకానిక్ దగ్గరికి పోవాలి.

రోడ్డు ఎక్కే ముందు

రిపేరు అయిపోగానే ట్రాలీ తగిలించి బయలుదేరకండి. ముందు ఖాళీ కళ్లంలో అరగంట నడపండి. ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి చూడండి. దిగి, పైపుల కింద నేల మీద ఆయిలు చుక్కలు ఉన్నాయేమో చూడండి. మళ్లీ ఆయిలు మట్టం చూడండి. అన్నీ బాగుంటేనే రోడ్డు ఎక్కండి. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి గొళ్లెం వెయ్యండి.

నడుస్తుండగా స్టీరింగ్ పనిచెయ్యకపోతే కంగారు పడకండి. ఎక్సిలేటరు తగ్గించండి. రెండు బ్రేకులూ కలిపి తొక్కి ఆపండి. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం ఎప్పుడూ ప్రమాదమే. రిపేరు చేసిన రోజున అసలే వద్దు.

ఇంకో మంచి అలవాటు చేసుకోండి. ఒక చిన్న నోటుబుక్కు బండిలో పెట్టండి. పైపు ఎప్పుడు మార్చారు, ఏ ఆయిలు పోశారు, ఎన్ని లీటర్లు పోశారు, మీటరులో ఎన్ని గంటలు ఉన్నాయి అన్నది రాయండి. రేపు మెకానిక్ వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపించండి. సగం పని అక్కడే తేలిపోతుంది. మీ అబ్బాయి బండి తోలినా, పక్కింటి అన్న తోలినా ఆ పుస్తకమే దారి చూపిస్తుంది.

చదివి జవాబులు చెప్పండి

1. పైపు మార్చాక స్టీరింగ్ జర్కులు ఇస్తే ముందు దేన్ని అనుమానించాలి?
2. ఆయిలు తెల్లగా ఉంటే అది గాలో నీళ్లో ఎలా తెలుస్తుంది?
3. కారే చోటును చేత్తో ఎందుకు తడమకూడదు? దేనితో వెతకాలి?
4. ఖాళీ డబ్బాతో ఇంజను స్టార్టు చేస్తే ఏమవుతుంది?
5. ఎడమకు తిప్పితే చక్రాలు కుడికి పోతే కారణమేమిటి?

మీరు చెయ్యండి

మీ ఊళ్లో ఉన్న ఒక ట్రాక్టర్ దగ్గరికి పోండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు స్టీరింగ్ పైపులు చూడండి. ఎక్కడ పగుళ్లు ఉన్నాయి? ఎక్కడ రాసుకుంటున్నాయి? ఆయిలు డబ్బా మీద ఏమి రాసి ఉంది? చూసినవన్నీ అయిదు వాక్యాల్లో మీ నోటుబుక్కులో రాయండి. రాసింది మీ కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.